కార్క్ రేవులో ఒంటిపూట భోజనం

వేసవి వనభోజనాలు ఈసారి పడవ మీద పెట్టుకుందామని మన సంఘం సమావేశంలో ముందుగా ఎవరన్నారో ఇప్పుడు ఎవరూ ఒప్పుకోవడం లేదు. నేను మాత్రం కాదు. వనభోజనమంటే వనం ఉండాలి, కనీసం ఒక్క ఉసిరిచెట్టయినా ఉండాలి కదా అని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. ఐర్లండులో ఉసిరిచెట్టు ఎక్కడ తెస్తాం? పైగా ఇక్కడ కార్తీకమాసంలో ఆరుబయట కూర్చుని తిన్నవాడు మర్నాడు న్యుమోనియాతో మా వార్డులోనే తేలతాడు. ఆ మాట చెప్పాక చర్చ ముగిసింది. జూలైలో ఒక శనివారం, కార్క్ నగరం మధ్యన లీ నది ఒడ్డు నుంచి పడవ, రేవంతా ఒక చుట్టు, మధ్యాహ్న భోజనం పడవలోనే అని తీర్మానమైంది. ఆ ముచ్చట రాసిపెట్టమని సంపాదకులు గారు నా మెడకు చుట్టారు. రాసేవాడు దొరికితే వదిలే మనిషి కాదాయన.

మా అమ్మ విశాఖపట్నం నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలు దాటింది. మూడు నెలల వీసా, ఇంకా పద్దెనిమిది రోజులు మిగిలి ఉన్నాయి. పడవ అనగానే ఆవిడ ససేమిరా అంది. “కచ్చులూరు మరిచిపోయావట్రా?” అని అడిగింది. మరిచిపోలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న లాంచి వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది. యాభై మంది దాకా పోయారు. వాళ్ళూ మనలాగే పిల్లాపాపలతో, మధ్యాహ్నం లాంచిలోనే భోంచేద్దామని బయలుదేరినవాళ్ళే. ఇది నది కాదమ్మా, మూడువైపులా కొండలున్న రేవు, తటాకంలా ఉంటుంది అని నచ్చచెప్పాను. మా ఆవిడ మాత్రం నాకన్నా తెలివిగా, “అత్తయ్యా, మీరు రాకపోతే పులిహోర ఎవరు కలుపుతారు?” అంది. దాంతో అమ్మ మెత్తబడింది.

ఎక్కినది నలభై ఇద్దరం. అందులో తొమ్మిది మంది డాక్టర్లం. కడుపు తిప్పకుండా వేసుకునే అవామిన్ మాత్ర తొమ్మిది మందిలో ఒక్కరి దగ్గరా లేదు. తాడు విప్పేముందు పడవ కుర్రాడు తలలు రెండుసార్లు లెక్కపెట్టాడు. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, ఎలా తొడుక్కోవాలో చేసి చూపించాడు, పిల్లలకు తనే తొడిగాడు. అంతవరకు ఇంజను కదల్లేదు. అమ్మ అదంతా చూస్తూ కూర్చుంది. “అక్కడా ఇలా లెక్కపెట్టి ఉంటే,” అని ఆగిపోయింది.

కెప్టెను మైకులో చెప్పుకుపోతున్నాడు. కార్క్ యాస వినని డబ్లిన్ పాఠకులకు ఒక మాట. మన శ్రీకాకుళం మాటలాగే అది చివర్లో పైకి లేచి పాటలా సాగుతుంది. కొత్తగా వచ్చినప్పుడు వార్డులో రోగి ఏదో చెబితే, బాధ చెబుతున్నాడో వేళాకోళం చేస్తున్నాడో తెలిసేది కాదు. ఇప్పుడు మా పాప ఇంట్లో అదే యాసలో తెలుగు మాట్లాడుతుంది.

ఊరు దాటాక కుడివైపున బ్లాక్‌రాక్ కోట వచ్చింది. ఒకప్పుడు సముద్రపు దొంగల కోసం కట్టినది, ఇప్పుడు నక్షత్రశాల. అక్కడ నది వెడల్పయి లాక్ మాహన్ అనే పెద్ద మడుగులా మారుతుంది, మళ్ళీ ఇరుకై దక్షిణానికి తిరుగుతుంది. ఆ మలుపులో పాసేజ్ వెస్ట్ అనే చిన్న ఊరు. 1838లో ‘సిరియస్’ అనే చిన్న ఆవిరి ఓడ కార్క్ నుంచి బయలుదేరి, దారంతా ఆవిరి బలంతోనే అట్లాంటిక్ దాటి న్యూయార్కు చేరింది. ఆ పని చేసిన మొదటి ఓడల్లో ఒకటి. దాని కెప్టెను రిచర్డ్ రాబర్ట్స్ ఈ ఊరివాడే. అక్కడి ఇళ్ళ గోడలు చూస్తే ఇంత సంగతి జరిగిన ఊరనిపించదు. మన కోరంగి కూడా అంతే కదా. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, ఇప్పుడు మడ అడవి చూడటానికి వెళ్తారు.

అన్నాలు వడ్డించేవేళకు మాంక్స్‌టౌన్ దగ్గర ఉన్నాం. పడవవాళ్ళ భోజనం బాగానే ఉంది. చేపముక్కలు, పాలు వేసి కాచిన చౌడర్ అనే చిక్కటి పులుసు, సోడా వేసి కాల్చిన ముదురు గోధుమ రొట్టె. శాకాహారులకు వాడు ఇచ్చింది చీజ్ సాండ్విచ్. ఈ దేశంలో శాకాహారానికి చీజ్ సాండ్విచ్ పర్యాయపదం కనుక మేము ముందే పర్మిషను అడిగి మన కారియర్లు తెచ్చుకున్నాం. పులిహోర, అల్లం వేసిన దద్ధోజనం, అరటికాయ వేపుడు, చల్ల మిరపకాయలు. అమ్మకు శనివారం ఒంటిపూట కనుక ఆ రోజుకు అదే భోజనం. ఆవిడ ఆకు ముందు, అంటే కాగితపు పళ్ళెం ముందు, నీళ్ళు చిలకరించి కళ్ళు మూసుకున్నంతసేపులో ఒక సముద్రపక్షి వచ్చి చల్ల మిరపకాయ ఎత్తుకుపోయింది. దాని గతి ఏమైందో తెలియదు. పడవ కుర్రాడు ఆవకాయ అడిగి మరీ వేయించుకున్నాడు, ఎర్రబడిన ముఖంతో రెండోసారి కూడా వేయించుకున్నాడు.

భోజనాల సమయానికి తగ్గ కథ కెప్టెను చెప్పాడు. ఎదురుగా చెట్లమధ్య ఉన్న మాంక్స్‌టౌన్ కోట 1636లో కట్టినది. యజమాని పొరుగుదేశంలో యుద్ధానికి పోతే ఆయన వచ్చేలోపు ఇల్లాలు కోట కట్టించాలనుకుంది. కూలీలందరూ ఆవిడ పెట్టే భోజనమే కొనుక్కు తినాలని షరతు పెట్టింది. సరుకు టోకున కొని చిల్లరగా అమ్మింది. చివరికి లెక్క చూస్తే కోట మొత్తానికి ఆవిడకు చేతినుంచి పడిన ఖర్చు ఒక్క నాలుగు పెన్నీల నాణెమట. కథలో ఎంత నిజమో కట్టినవాళ్ళకే తెలియాలి. మన కోశాధికారి గారు మాత్రం చాలా శ్రద్ధగా విన్నారు. (పడవ ఖర్చులో వాటా ఇంకా ఇవ్వని ముగ్గురూ ఇది చదివి ఇస్తారని ఆశ.)

కొండ మలుపు తిరగ్గానే కోవ్ ఊరు ఒక్కసారిగా కనిపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ‘కోబ్’ అని చదువుతాం. ఐరిషు భాషలో ఆ జంటాక్షరం ‘వ’ అవుతుంది. కొండ మీద పెద్ద చర్చి, దాని కింద నీళ్ళదాకా మెట్లు మెట్లుగా రంగురంగుల ఇళ్ళు. సెయింట్ కోల్మన్ చర్చి కట్టడం 1868లో మొదలుపెట్టి 1919కి పూర్తిచేశారు. యాభై ఏళ్ళు. దాని గోపురంలో 49 గంటలున్నాయి. ఓడలో వెళ్ళిపోయేవాళ్ళకు ఈ దేశంలో చివరిదాకా కనిపించేది ఈ కొండే.

అమ్మ లేచి నిలబడి కటకటాలు పట్టుకుంది. “ఇది మన ఊరేరా,” అంది.

నాకూ మొదటిసారి చూసినప్పుడు అలాగే అనిపించింది. చదువుకున్నది ఆంధ్రా మెడికల్ కాలేజీలో కనుక నాకు విశాఖ రేవు కొట్టినపిండి. అక్కడ రేవుకాలువ పక్కన మూడు గుట్టల మీద గుడి, దర్గా, చర్చి వరసగా ఉంటాయి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రాన్ని అడ్డుకుంటుంది. ఇక్కడ చర్చి ఒక్కటే గానీ కొండ, నీళ్ళు, వాటిమధ్య ఇరుకుదారి అవే. ఇంకా చెప్పాలంటే పోలిక పైపైది కాదు. అక్కడ నౌకాదళం, ఇక్కడ కోవ్‌కు ఎదురుగా హాల్బోలిన్ దీవిలో ఐరిష్ నౌకాదళం. అక్కడ 1957 నాటి చమురు శుద్ధి కర్మాగారం, ఇక్కడ వైట్‌గేట్‌లో 1959 నాటిది. అక్కడ ఓడల కర్మాగారం, ఇక్కడ రష్‌బ్రుక్‌లో 1984 వరకు ఓడలు కట్టారు. అక్కడ కోరమాండల్ ఎరువులు, ఇక్కడ మరీనో పాయింట్‌లో 2002 వరకు ఎరువుల ఫ్యాక్టరీ. ఇక ఉక్కు సంగతి.

హాల్బోలిన్ దీవిలో 1939 నుంచి ఉక్కు కర్మాగారం ఉండేది. ప్రభుత్వానిదే. నష్టాలొస్తున్నాయని 1996లో అమ్మేశారు. కొన్నది మన లక్ష్మీ మిట్టల్ గారి ఇస్పాత్ సంస్థ, ధర ఒక్క పౌను. 2001లో మూసేశారు, సుమారు నాలుగు వందల మంది పని పోయింది. మిగిలిన చిట్టెం గుట్టను శుభ్రం చేసి, కప్పి, పైన గడ్డి వేసి పార్కు చేశారు. కెప్టెను ఇది చెబుతుంటే మనవాళ్ళలో విశాఖ, అనకాపల్లి వైపువాళ్ళు మాట్లాడటం మానేశారు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని ముప్పై రెండు మంది ప్రాణాలిస్తే వచ్చిన కర్మాగారం మనది. దాన్ని అమ్మేస్తామని 2021 జనవరిలో ఢిల్లీలో నిర్ణయించారు. కార్మికులు ఏళ్ళ తరబడి శిబిరాల్లో కూర్చున్నారు. 2025 జనవరిలో 11,440 కోట్లు ఇస్తామన్నారు. మా బాబాయి అందులోనే రిటైరయ్యాడు. ఆ పచ్చటి పార్కులో పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, చూడటానికి బాగుంది. నాకెందుకో బాగాలేదు.

నౌకాదళపు ఓడ ఒకటి పక్కనే ఆగి ఉంది. 1985 జూన్ 23న ఎయిరిండియా ‘కనిష్క’ విమానం ఐర్లండు తీరానికి దూరంగా సముద్రం మీద పేలి 329 మంది పోయినప్పుడు, నీళ్ళలో శవాలను వెతికి పైకి తీసినవాళ్ళలో ఈ దళంవాళ్ళ ‘ఆష్లింగ్’ నౌక ఒకటి. 131 మంది శవాలే దొరికాయి. వాటిని కార్క్‌లోని పెద్దాసుపత్రికే తెచ్చారు. ఐర్లండు నైరుతి మూలన అహకిస్టా అనే పల్లెలో, సముద్రం ఒడ్డున స్మారకం ఉంది. ఏటా ఆ రోజున ఊరివాళ్ళు వచ్చి నిలబడతారు, తమ బంధువులు కాకపోయినా. మనలో వెళ్ళనివాళ్ళు ఒక్కసారి వెళ్ళిరండి.

కోవ్‌లో ముప్పావు గంట ఆగాం. ఒడ్డున ఒక ఆడపిల్ల విగ్రహం, పక్కన ఇద్దరు తమ్ముళ్ళు. పేరు యానీ మూర్. 1892 జనవరి 1న న్యూయార్కులో ఎల్లిస్ దీవి కేంద్రం తెరిచినప్పుడు మొట్టమొదట దిగిన మనిషి. ఇక్కడినుంచే బయలుదేరింది. 1848 నుంచి 1950 దాకా ఐర్లండు వదిలిపోయినవాళ్ళు అరవై లక్షలయితే, అందులో పాతిక లక్షలకు పైగా ఈ ఒక్క రేవు నుంచే పోయారు. అప్పట్లో దీని పేరు క్వీన్స్‌టౌన్. విక్టోరియా రాణి వచ్చి వెళ్ళిందని 1849లో పెట్టారు, 1920లో తీసేశారు.

“తల్లేదీ?” అంది అమ్మ విగ్రహం చుట్టూ తిరిగి.

తల్లీతండ్రీ అప్పటికే అమెరికా వెళ్ళిపోయారు, ఈ పిల్లలు తరువాత వాళ్ళ దగ్గరికి వెళ్ళారు అని చెప్పాను.

“పిల్లల్ని వదిలి తల్లే ముందు వెళ్ళిందా!” అని అమ్మ చాలాసేపు ఆ విగ్రహాన్నే చూసింది. పెద్ద తమ్ముడు చెయ్యి చాచి ఎటో చూపిస్తుంటాడు. మా పాప వాడి పక్కన నిలబడి వాడిలాగే చెయ్యి చాచి ఫోటో తీయించుకుంది.

పాత వైట్ స్టార్ కంపెనీ రేవు కర్రలు ఇంకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. 1912 ఏప్రిల్ 11న టైటానిక్ ఇక్కడ ఆగింది. ఆగడమంటే ఒడ్డుకు రాలేదు, రేవు ముఖద్వారం దగ్గర లంగరు వేసింది. 123 మందిని ఇక్కడినుంచి రెండు చిన్న పడవల్లో తీసుకెళ్ళి ఎక్కించారు. ఏడుగురు దిగిపోయారు. ఆ ఏడుగురి అదృష్టం గురించి ఊరంతా చెబుతారు. వాళ్ళలో ఒకాయన మతగురువు కావడానికి చదువుతున్న ఫ్రాన్సిస్ బ్రౌన్, ఓడలో ఫోటోలు తీసినవాడు. పెద్ద ఓడలన్నిటికీ ఇక్కడ ఇదే పద్ధతి. చిన్న పడవ మీద వెళ్ళి పెద్ద ఓడ ఎక్కాలి. ఆ చిన్న పడవల్లో చివరివాటిలో ఒకటి ‘కిల్ ఆర్నే’, 1961లో కట్టినది. విమానాలొచ్చి ఓడల పని పోయాక దాన్ని ఆఖరుకు డబ్లిన్‌లో లిఫీ నది ఒడ్డున కట్టేసి భోజనశాల చేశారు. కదలని పడవలో భోజనం కావాలనుకునేవాళ్ళకు అది.

మళ్ళీ పడవెక్కాక కెప్టెను ఇంకో సంగతి చెప్పాడు. అమెరికాకు బయలుదేరే పిల్లవాడికో పిల్లకో ముందురోజు రాత్రి ఇంట్లో జాగారం చేసేవారట. శవం దగ్గర ఎలా చేస్తారో అలాగే. ఇరుగుపొరుగు వస్తారు, తింటారు, తాగుతారు, ఆడతారు, పాడతారు, తెల్లవారుజామున ముసలాళ్ళు గొంతెత్తి ఏడుస్తారు. వెళ్ళినవాడు మళ్ళీ కనిపించడని తెలుసు కనుక బతికుండగానే ఆ ముచ్చట జరిపించేవారు. నేను అమ్మకు తెలుగులో చెప్పాను. “బతికున్నవాడికి కర్మ చేయడమేమిటి, అప్రాచ్యం,” అంది ముందు. తరువాత మాట్లాడలేదు.

స్పైక్ దీవి పక్కగా వెళ్ళాం. నూటనాలుగు ఎకరాలు, అంతా కోట. 1847లో కరువు రోజుల్లో దాన్ని జైలు చేశారు. ఆకలికి దొంగతనం చేసినవాళ్ళతో నింపారు. ఒక దశలో రెండువేల మందికి పైగా ఖైదీలుండేవారు. ఇక్కడినుంచి ఆస్ట్రేలియా వైపు ప్రవాసం పంపేవారు. మన అండమానుకు అన్నలాంటిది. బ్రిటిషువాళ్ళు దేశానికి స్వాతంత్ర్యం ఇచ్చాక కూడా ఈ కోటలను పట్టుకు కూర్చుని, 1938 జూలై 11న గానీ అప్పగించలేదు. పిల్లలకు ఆ ఫిరంగులు బాగా నచ్చాయి, వాటి గురించి వాళ్ళనే అడగండి.

రోచెస్ పాయింట్ దీపస్తంభం కనిపించేసరికి పడవ ఊగడం మొదలైంది. అక్కడితో రేవు అయిపోయి సముద్రం వచ్చేస్తుంది. మన చెవి లోపలి గొట్టాల్లో ద్రవం కదులుతుంది, కళ్ళు మాత్రం ఎదురుగా ఉన్న బల్ల కదలడం లేదని చెబుతాయి. ఈ రెంటి తగవులో కడుపు నలిగిపోతుంది. మందు లేనప్పుడు ఉపాయం ఒక్కటే, దూరంగా కదలని గీతను చూడటం. అందరినీ డెక్కు మీదికి తెచ్చి దీపస్తంభాన్ని చూడమన్నాను. తొమ్మిది మంది డాక్టర్లలో ఇద్దరు ఆ సలహా వినకముందే పడవ అంచు చేరారు.

అమ్మకు ఏమీ కాలేదు. దీపస్తంభం వైపు చూస్తూనే చెప్పింది, “మా తాత కూడా ఇలాగే చిన్న పడవ మీద వెళ్ళే పెద్ద ఓడ ఎక్కాడట.”

అమ్మకు నాన్న తండ్రి. ఆయన రంగూను వెళ్ళాడని నాకు తెలుసు. మా వైపు పెద్దవాళ్ళు రంగం అనేవారు. అంతకుమించి తెలియదు, ఎప్పుడూ అడగలేదు. ఆయన వెళ్ళింది 1928 ప్రాంతంలో. విశాఖ రేవు తెరిచింది 1933లో. అంతకుముందు ఓడలు దూరాన సముద్రంలోనే ఆగేవి. తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో అలల మీదుగా జనాన్ని తీసుకెళ్ళి ఎక్కించేవారు. బియ్యపు మిల్లులో గుమాస్తాగా చేరాడట. నాలుగేళ్ళకోసారి వచ్చేవాడు. 1930లో రంగూను రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగి చాలామంది చచ్చిపోయినప్పుడు కూడా తిరిగి రాలేదు. మనియార్డరు మాత్రం వచ్చేది.

1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూను మీద బాంబులేశారు. అక్కడినుంచి ఉత్తరం లేదు. ఓడలు లేవు. లక్షలమంది మనవాళ్ళు అడవులవెంట కొండలవెంట నడిచి అస్సాం వైపు వచ్చారు, దారిలో కలరాతో, మలేరియాతో వేలమంది పోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయి. ఊరు ఖాళీ అయింది. మా ముత్తమ్మమ్మ, అంటే అమ్మకు నానమ్మ, పిల్లల్ని తీసుకుని ఇంటికి తాళం పెట్టి శృంగవరపుకోట దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది.

“అప్పుడు మొదలైందిట గొడవ,” అంది అమ్మ. “మనిషి ఉన్నాడా లేడా? ఉంటే ఉత్తరమేదీ? లేకపోతే కర్మ చేయొద్దూ? బొట్టు తీయాలా ఉంచాలా? పెద్దవాళ్ళు రోజూ పంచాయితీ పెట్టేవారట. నానమ్మ ఒక్కమాట అనేది కాదట. రోజూ ఒక మనిషికి ఎక్కువ వండేది. రాత్రికి ఎవరైనా ముష్టివాడొస్తే పెట్టేసేది.”

జూన్‌లో తాత వచ్చాడు. అస్సాం నుంచి రైళ్ళలో విశాఖ చేరి, ఇంటికి వెళ్ళాడు. తాళం. వీధిలో మనిషి లేడు. తనవాళ్ళు బాంబుకు పోయారనుకుని ఆ అరుగు మీద రెండు రోజులు పడుకున్నాడట. ఎవరో చెబితే నడుచుకుంటూ శృంగవరపుకోట వచ్చాడు. చీకటి పడ్డాక గుమ్మంలో నిలబడితే నానమ్మ ముష్టివాడనుకుని అన్నం పెట్టింది. సగం తిన్నాక మజ్జిగ అడిగాడు. ఆ గొంతుతో గుర్తుపట్టింది.

“సినిమాకథలా ఉందమ్మా,” అన్నాను.

“సినిమాలో అయితే చూడగానే గుర్తుపట్టేది,” అంది అమ్మ.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే తరువాతది అర్థం కాదు. మా నాన్న 2021 మే నెలలో కోవిడ్‌తో పోయారు. నేనిక్కడ అదే జబ్బు వార్డులో డ్యూటీలో ఉన్నాను. వెళ్ళలేకపోయాను. ఆసుపత్రి కార్ల స్టాండులో కారులో కూర్చుని ఫోనులో చూశాను. అంతా కలిపి పదకొండు నిమిషాలు. మా తమ్ముడు తల కొరివి పెట్టాడు. రెండేళ్ళ తరువాత వెళ్ళాను. అప్పుడు గానీ, ఇప్పుడు ఇక్కడికి వచ్చాక గానీ, దాని గురించి అమ్మ ఏమీ అనలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరం రోజూ ఫోనులో ఏం వండావంటే ఏం వండావని మాట్లాడుకుంటాం.

పడవ వెనక్కి తిరిగింది. గాలి వీపుకు వచ్చేసరికి ఊపు తగ్గింది. నేను అడగదలుచుకున్నది అప్పుడు అడిగాను. “ఇక్కడే ఉండిపోరాదూ అమ్మా? వీసా సంగతి కష్టమే, లాయరుతో మాట్లాడతాను. తమ్ముడు కూడా బెంగళూరులో ఉండె. ఒక్కదానివీ ఆ ఇంట్లో ఎందుకు?”

అమ్మ కారియరు గిన్నెలు ఒకదానిలో ఒకటి పెడుతోంది. “ఇంట్లో ఒకరుండాలిరా. వచ్చినవాడు తాళం చూడకూడదు.”

కాసేపటికి తనే అంది, “ఆ రోజు నువ్వు ఫోనులో ఉన్నావని ఆయనతో చెప్పాను. వినిపించిందో లేదో తెలియదు. చెవి దగ్గర పెట్టి చెప్పాను.”

నాకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు.

కోవ్ దాటుతుంటే గంటలు మోగాయి. మాంక్స్‌టౌన్ వెనక, గ్లెన్‌బ్రుక్ దగ్గర కార్లను దాటించే బల్లకట్టు మాకోసం ఆగింది. అయిదు నిమిషాల ప్రయాణం దానిది, పొద్దున్నుంచి రాత్రిదాకా అటూ ఇటూ అదే పని. మనవాళ్ళలో ఎవరో అంత్యాక్షరి మొదలుపెట్టారు. పిల్లలకు పాటలు రావు కనుక ‘ర’ దగ్గర ఆగిపోయింది. కుర్రాడు వచ్చి ఆవకాయ ఏ కొట్లో దొరుకుతుందని అడిగాడు. వచ్చే అక్టోబరులో ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నాడట, అక్కడ దొరుకుతుందా అని. దొరుకుతుంది బాబూ, అక్కడ మనవాళ్ళు చాలామందే ఉన్నారు అన్నాను. మా ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లు కూడా అటే పోతున్నారు, వాళ్ళ ఖాళీల్లోకి మనం వస్తున్నాం. వాళ్ళమ్మ ఏమంటోందని మా అమ్మ అడగమంది. అడిగాను. ఏమీ అనడం లేదట. అమ్మ మిగిలిన ఆవకాయ సీసా వాడి చేతిలో పెట్టింది.

మేం దిగేటప్పుడు కుర్రాడు మళ్ళీ తలలు లెక్కపెట్టాడు. నలభై ఇద్దరం.

అమ్మ వెళ్ళి నాలుగు వారాలయింది. మొన్న ఆదివారం ఫోను చేసి, విశాఖలో చేపల రేవు దగ్గర్నుంచి బోట్లు తిప్పుతారు కదా, నువ్వు ఎప్పుడైనా ఎక్కావా అని అడిగింది. కాలేజీ రోజుల్లో ఒకసారి ఎక్కాను, అందులో భోజనం పెట్టరు అన్నాను. డిసెంబరులో రండి, నేను కట్టుకొస్తాను అంది. సెలవు పెట్టాను. ఇంకా మంజూరు కాలేదు.